జొన్న విత్తనాల్లో ముక్కు పురుగు, దానిపై కందిరీగ: ల్యాబు పెంపకం డైరీ

జూన్ చివర

ముందు ప్రాజెక్టు ఏమిటో చెప్పేస్తాను. నిల్వ ఉంచిన బియ్యం, గోధుమలు, జొన్నలు, మొక్కజొన్నల్లో పట్టే ముక్కు పురుగును చంపి బతికే చిన్న కందిరీగ ఒకటుంది. శాస్త్రీయ నామం అనైసోప్టెరోమాలస్ కలాండ్రే. నల్లగా, రెండు మూడు మిల్లీమీటర్ల పొడవుంటుంది. మనుషుల్ని కుట్టదు, గింజను తినదు. 1881లో హోవర్డ్ అనే కీటక శాస్త్రవేత్త దీన్ని మొదటిసారి వర్ణించాడు. ఇప్పుడు ప్రపంచంలో ధాన్యం నిల్వ చేసే చోటల్లా కనిపిస్తుంది, మన మిల్లుల్లోనూ గోడౌన్లలోనూ ఉంది. దీన్ని ల్యాబులో సరిపడా పెంచి, జహీరాబాద్ వైపు ఊళ్ళలో ఇళ్ళల్లో దాచుకునే జొన్న విత్తనాల్లో వదలడానికి పనికొస్తుందో లేదో తేల్చాలి. నా పని ఇదే.

జొన్న విత్తనమే ఎందుకు? తినే బియ్యంలో పురుగు పడితే ఎండలో పోసి, చెరిగి, వండుకుంటాం. విత్తనం అలా కాదు. పిండి తినేసిన పురుగు మొలకనూ తినేస్తుంది, పుచ్చు గింజ మొలవదు. అక్కడి ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి కాపాడుకొస్తున్న జొన్న రకాలు కొన్ని ఏ షాపులోనూ దొరకవు. ఒక వానాకాలంలో గుమ్మి మొత్తం పుచ్చిపోతే ఆ ఇంట్లో ఆ రకం అయిపోయినట్టే.

దీనికి గోడౌన్లలో వాడే మందు అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. గాలిలో తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. ప్రభుత్వ సంస్థలు, లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళు మాత్రమే వాడాల్సిన మందు అది. మనుషులు పడుకునే గదిలో, మంచం పక్కనున్న గుమ్మిలో దాన్ని వేయమని ఎవరికీ చెప్పలేం. పైగా ఫాస్ఫీన్‌ను తట్టుకునే పురుగులు మన దేశంలోనూ తయారయ్యాయి.

ఊరికి వెళ్ళి ఒక పెద్దావిడకు ఈ సంగతంతా చెబితే ఆవిడ అడిగింది ఒక్కటే: "పురుగును సంపనీకి మల్ల పురుగునే తెస్తివా బిడ్డా? అదిగూడ గింజలు తింటే?" తినదమ్మా అని చెప్పాను. "సరే, సూపెట్టు మరి" అంది. ఆవిడ గుమ్మిలో బూడిద, వేపాకు కలిపి పైన మట్టితో మెత్తుతుంది. ఆ పద్ధతిని తీసేసి ఇంకోటి పెట్టడం నా ఉద్దేశం కాదు. బూడిద కలిపిన గింజల్లో కందిరీగ ఎలాగూ పనిచేయలేదు, ఎందుకంటే అలాంటి పొడులు పురుగు ఒంటి మీది మైనపు పొరను దెబ్బతీసి ఒళ్ళు ఎండిపోయేలా చేస్తాయి. మిత్రపురుగు, శత్రుపురుగు అని వాటికి తేడా ఉండదు. బూడిద కలపని డబ్బాలకు, డ్రమ్ములకు, సంచులకు ఒక దారి చూపించాలన్నదే నా ప్రయత్నం.

జూలై

కందిరీగల్ని ఎక్కడి నుంచో తెప్పించాల్సిన పని లేదు. ఒక పాత రైస్ మిల్లులో మూలల్లో పేరుకున్న నూకలు, తౌడు, పుచ్చు గింజలు సంచుల్లో ఊడ్చి తెచ్చుకున్నాం. మందు కొట్టని మూలలే వెతికి మరీ తెచ్చాం.

ఇందులోంచి కందిరీగల్ని వేరు చేయడానికి చీకటి పెట్టె సరిపోతుంది. అట్టపెట్టెకు లోపల నల్ల కాగితం అంటించి, ఒక పక్క కన్నం చేసి గాజు గొట్టం దూర్చాం. వెలుతురు ఆ గొట్టంలోంచి మాత్రమే వస్తుంది. కందిరీగలు వెలుతురు వైపు పోతాయి, ముక్కు పురుగులు చీకట్లో గింజల మధ్యే ఉంటాయి. పొద్దున్నే గొట్టం తీసి చూస్తే సన్నటి నల్ల చుక్కల్లా తిరుగుతున్నాయి. ఈ చిన్న తేడా మీదే ప్రాజెక్టులో సగం పని ఆధారపడబోతోందని అప్పుడే అనిపించింది.

గుర్తింపు విషయంలో జాగ్రత్త అవసరం. 2014 దాకా ఒకే జాతి అనుకున్న దాంట్లో నిజానికి రెండు జాతులున్నాయని తేలింది. కలాండ్రేలో క్రోమోజోముల ఏకస్థితి సంఖ్య (ఒక్క సెట్టులో ఉండే క్రోమోజోములు) 7, కొత్తగా విడదీసిన క్వినేరియస్‌లో 5. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. 2014కు ముందు వచ్చిన పేపర్లలో ఎవరు ఏ జాతి మీద పనిచేశారో ఇప్పుడు అనుమానించి చదువుకోవాలి. అందుకే ఆల్కహాల్లో వేసిన నమూనాలు వర్గీకరణ నిపుణులకు పంపి, వాళ్ళు కలాండ్రే అని రాసిచ్చాకే పెంపకం మొదలుపెట్టాం. ఈలోపు ఒక్కో ఆడదాన్నీ ఒక్కో గొట్టంలో విడిగా ఉంచి, తేనె చుక్క గోడకు రాసి బతికించుకున్నాం.

జూలై చివర: గోధుమలు

పెంచే గింజ దగ్గర రాజీ పడితే తరవాత ఏ పనీ నిలబడదు. వడ్లు పనికిరావు, పొట్టు బిగుతుగా మూసుకుని ఉంటే ముక్కు పురుగు లోపలికి పోలేదు. గోధుమలు మంచివి, గింజ పెద్దది, పొట్టు ఉండదు.

షాపులో కొన్న మొదటి బస్తా గోధుమల్లో వేసిన పురుగులు రెండు రోజులకే వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకున్నాయి. ఎక్కడో ఏదో మందు కలిపారు. గింజను చూస్తే ఏమీ తెలియదు, వాసన కూడా లేదు. అప్పటి నుంచి కొత్త గోధుమలు ఏవి వచ్చినా ముందు చిన్న కప్పులో కొన్ని పోసి, కొన్ని కందిరీగల్ని వదిలి చూస్తున్నాం. ముక్కు పురుగు తట్టుకునే మోతాదుకు కూడా కందిరీగ చచ్చిపోతుంది, కాబట్టి పరీక్షకు అదే మేలు. అమెరికాలో మలాథియాన్ అనే పురుగుమందును తట్టుకునే కలాండ్రే రకం ఒకటి దొరికినట్టు 1990ల్లో ప్రచురించారు. మాకు దొరికినవి అలాంటివి కావు. ఇప్పుడు ఒక రైతు దగ్గర కళ్ళం మీదే కొంటున్నాం.

తెచ్చిన గోధుమల్ని వారం పాటు డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచుతాం. లోపల దాక్కున్న పురుగు, నల్లి, గుడ్డు అన్నీ చస్తాయి. బయటికి తీశాక తేమ సరిచూడాలి. తేమ 13 నుంచి 14 శాతం ఉంటే ముక్కు పురుగు బాగా పెరుగుతుంది, మరీ ఎండిన గింజలో గుడ్లు పెట్టడం మానేస్తుంది. 10 శాతం తేమ ఉన్న కిలో గోధుమల్ని 13.5 శాతానికి తేవాలంటే సుమారు 40 మిల్లీలీటర్ల నీళ్ళు చిలకరించి, మూత బిగించి, రోజుకు నాలుగైదు సార్లు దొర్లిస్తూ ఉంచాలి. మాయిశ్చర్ మీటర్ ఆ అంకె చూపించాకే సీసాల్లో పోస్తాం.

గాలిలో తేమ కోసం ఖరీదైన యంత్రం ఏమీ అక్కర్లేదు. ట్రేలో నీళ్ళు పోసి, కరగకుండా అడుగున మిగిలేంత మామూలు ఉప్పు వేసి బీఓడీలో (ఉష్ణోగ్రతను ఒకేలా నిలిపే పెట్టె) పెడితే లోపల తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు.

ఆగస్టు: కందిరీగను పెంచడమంటే ముక్కు పురుగును పెంచడమే

ఈ పనిలో దిగిన ప్రతివాళ్ళకూ మొదట చెప్పాల్సిన మాట ఇది. కందిరీగ తన పని తాను చేసుకుంటుంది, దానికి మనం నేర్పేదేమీ లేదు. సరైన వయసు పిల్లపురుగును, సరైన రోజున, సరిపడా అందించడమే మన పని.

ఆడ ముక్కు పురుగు పొడవాటి ముక్కుతో గింజకు గుంట తవ్వి, అందులో ఒక గుడ్డు పెట్టి, పైన జిగురులాంటి పదార్థంతో మూత వేసేస్తుంది. మూత గింజ రంగులో కలిసిపోతుంది. గుడ్డు నాలుగైదు రోజుల్లో పగులుతుంది. కాళ్ళు లేని తెల్లటి పిల్లపురుగు లోపలి పిండి తింటూ నాలుగు దశలు దాటి, అక్కడే ప్యూపా (కోశ దశ) అయ్యి, 30 డిగ్రీల దగ్గరైతే సుమారు నెల రోజులకు గరుకు అంచుల కన్నం చేసుకుని బయటికొస్తుంది. అంటే మనకు పురుగు కనిపించే నాటికే ఒక తరం తినేసి పోయింది.

కందిరీగకు కావలసింది మూడు, నాలుగో దశల పిల్లపురుగు. మరీ లేతదైతే దాని పిల్లకు తిండి చాలదు, ప్యూపా దశ చివరికి వస్తే ఉపయోగం ఉండదు. కాబట్టి అన్ని వయసుల పురుగులూ కలిసిన సీసాలో కందిరీగల్ని వదిలితే సగం శ్రమ వృథా.

మేం చేస్తున్నది ఇలా. సీసాకు 250 గ్రాముల గోధుమలు, అందులో వారం రెండు వారాల వయసున్న 200 ముక్కు పురుగులు, ఆడా మగా వేరు చేయకుండా. మూతి మీద పల్చటి గుడ్డ, రబ్బరు బ్యాండు. మూడు రోజులు గుడ్లు పెట్టనిచ్చి, జల్లెడ పట్టి పెద్ద పురుగుల్ని తీసేస్తాం. తీసిన తేదీ సీసా మీద పెద్ద అక్షరాల్లో రాస్తాం. ఆ గింజల్లో ఉన్న పిల్లపురుగులన్నీ ఇంచుమించు ఒకే వయసువి. పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటో రోజు మధ్య కందిరీగల్ని వదులుతాం. ప్రతి మూడు రోజులకూ కొత్త సీసా మొదలవుతుంది కాబట్టి ఎప్పుడు చూసినా ఏదో ఒక సీసా సరైన వయసుకు వచ్చి ఉంటుంది. గోడ మీద పెద్ద క్యాలెండర్ వేలాడదీశాం, పండగ వచ్చినా ఆదివారం వచ్చినా సీసా మాత్రం ఆగదు. మా ల్యాబులో అందరికీ టెన్షన్ పెట్టేది ఆ క్యాలెండరే.

గుడ్లు నిజంగా పడ్డాయో లేదో ముందే తెలుసుకోవడానికి యాసిడ్ ఫుక్సిన్ రంగు ఉపయోగపడుతుంది. అర గ్రాము రంగు, 50 మిల్లీలీటర్ల గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం, 950 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్. సీసాలోంచి గుప్పెడు గింజలు తీసి, గోరువెచ్చని నీళ్ళలో ఐదు నిమిషాలు నానబెట్టి, రంగులో కొద్ది నిమిషాలు ముంచి కడిగేస్తే గుడ్డు మీది మూతలు ఎర్రగా తేలతాయి. పురుగు ఊరికే కొరికిన చోట లేత గులాబీ రంగు మాత్రమే వస్తుంది. మొదటిసారి చేసినప్పుడు శుభ్రంగా ఉన్నాయనుకున్న గింజల మీద వరసగా ఎర్ర చుక్కలు చూసి జూనియర్లు చాలాసేపు మైక్రోస్కోప్ వదల్లేదు.

ఆగస్టు చివర: దగ్గర నుంచి చూసినది

పెట్రి డిష్‌లో పది పుచ్చు గింజలు, ఒక ఆడ కందిరీగ. స్టీరియో మైక్రోస్కోప్ కింద పెట్టుకుని కూర్చున్నాను.

మొదట మీసాలతో గింజల మీద టకటకా కొట్టుకుంటూ తిరిగింది. పిల్లపురుగు మలం, దాని చుట్టూ ఉండే పిండి వాసనను బట్టి వెతుకుతుందంటారు. మంచి గింజల మీద ఆగలేదు. ఒక గింజ దగ్గర మాత్రం అటూ ఇటూ తిరిగి తిరిగి ఒక చోట నిలబడింది. మీసాలు ఒకే చోట ఆనించి, పొట్ట వంచి, సూది లాంటి గుడ్డునాళాన్ని గింజలోకి దించడం మొదలుపెట్టింది. కాళ్ళు బిగించి ఒళ్ళు కొద్దికొద్దిగా పైకీ కిందికీ కదుపుతోంది. చాలాసేపు పట్టింది. తీశాక వెనక్కి తిరిగి అదే రంధ్రానికి నోరు ఆనించింది. కుట్టిన పిల్లపురుగు ఒంట్లోంచి ఊరిన ద్రవాన్ని తాగుతుందది. ఆ మాంసకృత్తుల తిండి లేకపోతే వరసగా గుడ్లు తయారు చేసుకోలేదు. అంటే కొన్ని పిల్లపురుగులు గుడ్డు పడకుండానే, కేవలం తిండిగా చస్తాయి. కందిరీగలు ఎన్ని పుట్టాయో మాత్రమే లెక్కేస్తే అది చంపిన వాటి సంఖ్య తక్కువగా కనిపిస్తుంది.

మర్నాడు ఆ గింజను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి బ్లేడుతో చీల్చాను. పిల్లపురుగు తెల్లగా, బొద్దుగా, గోధుమరంగు తలతో అలాగే ఉంది, కదలిక లేదు. కుళ్ళలేదు, రంగు మారలేదు. కందిరీగ విషం దాన్ని చంపకుండా కదలకుండా చేసి తాజాగా ఉంచుతుంది. దాని ఒంటికి ఒక పక్కన సన్నటి పొడుగాటి గుడ్డు, పిల్లపురుగు చర్మానికి పైనే అంటుకుని ఉంది. ఈ జాతి లోపలికి గుడ్డు పెట్టదు, బయటి నుంచి తింటుంది. ఇంకో నాలుగు రోజులకు చీల్చిన గింజలో కందిరీగ పిల్ల పెద్దదై ఉంది, ముక్కు పురుగు పిల్ల తోలు మిగిలింది. ఆ తరవాతి వారం చీల్చిన దాంట్లో తెల్లటి ప్యూపా, కళ్ళు మాత్రం ఎర్రబడుతున్నాయి.

రెండు వారాలు దాటుతుండగా కందిరీగలు బయటికి రావడం మొదలైంది. ముందు మగవి, తరవాత ఆడవి. బయటికొచ్చిన కన్నం చిన్నగా, గుండ్రంగా, అంచు నీటుగా ఉంటుంది. కన్నం చూసే ఆ గింజలోంచి వచ్చింది ముక్కు పురుగా, కందిరీగా అని చెప్పేయొచ్చు.

సెప్టెంబరు: నల్లి

ల్యాబులో పనిచేసే ఒకమ్మాయి చేతుల మీద ఎర్రటి దద్దుర్లు. దోమలనుకున్నాం. రెండు రోజులకు నాకూ వచ్చాయి, మెడ మీద, మణికట్టు మీద, రాత్రంతా దురద. అదే వారంలో మూడు సీసాల్లో కందిరీగలు రావడం ఆగిపోయింది. గింజలు చీలిస్తే లోపల ప్యూపాలు ముడుచుకుపోయి ఉన్నాయి, ఒక్కోదానికి అంటుకుని ముత్యంలా ఉబ్బిన గుండ్రటి పొట్టలు.

పైమోటిస్ నల్లి. మంచాల్లో ఉండే నల్లి కాదు, కంటికి సరిగా ఆనని మైట్. పురుగుల పెంపకం చేసే ప్రతి ల్యాబూ భయపడేది దీనికే. పురుగు ఒళ్ళు పట్టుకుని రక్తం పీల్చేస్తుంది, ఆడ నల్లి పొట్ట ఉబ్బి లోపలే పిల్లలు పెద్దవైపోయి బయటికొస్తాయి. ముక్కు పురుగునూ వదలదు, కందిరీగనూ వదలదు, మనుషుల చర్మాన్నీ వదలదు. ఎక్కడో తెచ్చిన పాత గడ్డి, గింజలతో పాటే వస్తుంది.

ఇక్కడ జాలి పనికిరాదు. అనుమానం ఉన్న సీసాలన్నీ అప్పటికప్పుడు ఫ్రీజర్‌లోకి పోయాయి. గాజు సామాను హాట్ ఎయిర్ ఓవెన్‌లోకి, గుడ్డలు మరిగే నీళ్ళలోకి. అల్మరాలు సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టాం. అదృష్టవశాత్తూ మొదటి నుంచీ ముక్కు పురుగుల మూల సీసాలు వేరే గదిలో ఉంచాం, అక్కడికి నల్లి పోలేదు. కందిరీగలు మాత్రం గొట్టాల్లో విడిగా ఉంచిన కొన్నింటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఒక్కో ఆడదాన్నీ మైక్రోస్కోప్ కింద తిప్పి తిప్పి చూసి, శుభ్రంగా ఉన్నవే తీసుకున్నాం.

రెండు గదుల నియమం మాత్రం ఇప్పుడు గోడ మీద రాసి పెట్టాం. పొద్దున ముందు ముక్కు పురుగుల గది, ఆ తరవాతే కందిరీగల గది. కందిరీగల గదిలో అడుగుపెట్టాక ఆ రోజు మళ్ళీ ముక్కు పురుగుల వైపు పోకూడదు. ఒక్క ఆడ కందిరీగ చొక్కా మీద కూర్చుని అటు పోయినా మూల సీసాలు దెబ్బతింటాయి. మా ల్యాబు అటెండర్ అన్నకు ఈ నియమం మీద నాకన్నా పట్టింపు ఎక్కువ. పొద్దున వరస తప్పితే గైడ్ మేడమ్‌నైనా తలుపు దగ్గరే ఆపేస్తాడు.

అక్టోబరు, నవంబరు: ఆడవి ఎన్ని, మగవి ఎన్ని

జొన్నల్లో వదలబోయే కందిరీగల్ని జొన్నల్లోనే పెంచితే మంచిది కదా అని గైడ్ మేడమ్ అడిగారు. పెంచి చూశాం. పుట్టిన కందిరీగలు చిన్నవి, అందులో మగవే ఎక్కువ. గోధుమల్లో అయితే పెద్దవి, ఆడవి ఎక్కువ.

కారణం ఆసక్తికరమైనది. కందిరీగల్లో ఫలదీకరణ చెందిన గుడ్డు నుంచి ఆడది, చెందని గుడ్డు నుంచి మగది పుడతాయి. జతకట్టిన ఆడది వీర్యాన్ని తన ఒంట్లో నిల్వ ఉంచుకుని, గుడ్డు పెట్టే క్షణంలో ఏది పెట్టాలో తానే తేలుస్తుంది. పెద్ద పిల్లపురుగు దొరికితే ఆడ గుడ్డు, చిన్నది దొరికితే మగ గుడ్డు. ఆడపిల్లకు ఒంటి సైజు ముఖ్యం, పెద్దదైతేనే ఎక్కువ గుడ్లు పెడుతుంది. జొన్న గింజ చిన్నది, అందులో పెరిగే ముక్కు పురుగు పిల్లా చిన్నదే, కాబట్టి మగ గుడ్ల వైపు మొగ్గుతుంది. ముక్కు పురుగును చంపేది ఆడ కందిరీగ మాత్రమే కనుక మగవి ఎక్కువ పుట్టే పద్ధతి మనకు నష్టం.

గుంపు ఎక్కువైనా ఇదే చిక్కు. సీసాలో ఆడవి మరీ ఎక్కువగా వదిలితే ఒకే పిల్లపురుగు మీద రెండు మూడు గుడ్లు పడతాయి. చివరికి బతికేది ఒక్కటే, మిగతావన్నీ దండగ. మేం ఇప్పుడు సీసాకు పది పదిహేను జతలకు మించి వదలడం లేదు.

ఆడా మగా గుర్తు పట్టడం తేలికే. ఆడదాని పొట్ట చివర మొనదేలి ఉంటుంది. మగదానికి పొట్ట మొదట్లో లేత రంగు మచ్చ కనిపిస్తుంది. ఆస్పిరేటర్‌తో పీల్చి గొట్టంలోకి తీసుకుని, కొద్ది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మందగించాక లెక్కేస్తాం.

డిసెంబరు: అసలు ముడి

పురుగుల గుడ్లను చంపే ట్రైకోగ్రామా అనే చిన్న కందిరీగ కార్డుల గురించి మన రైతుల్లో చాలామందికి తెలుసు. బియ్యంలో పట్టే రెక్కల పురుగు గుడ్లను కార్డు మీద జిగురుతో అంటించి, వాటిలో ట్రైకోగ్రామా గుడ్లు పెట్టించి, కార్డు ముక్కలు ఆకులకు కట్టేస్తారు. రెక్కల పురుగు గుడ్లలోంచి పిల్లలు రాకుండా ముందే అల్ట్రావయొలెట్ కాంతి చూపిస్తారు. చేతికి అందే వస్తువది, కవర్లో పెట్టి పంపొచ్చు.

మా కందిరీగకు అలాంటి కార్డు లేదు. అది పెరిగేది గోధుమ గింజ లోపల, అదే సీసాలో తప్పించుకున్న ముక్కు పురుగులూ ఉంటాయి. ఆ గింజలు తీసుకెళ్ళి పెద్దావిడ జొన్నల్లో పోస్తే మిత్రుడితో పాటు శత్రువునూ ఇచ్చినట్టే. పెద్ద కందిరీగల్ని మాత్రమే వెలుతురు గొట్టంలోంచి పట్టి ఇవ్వొచ్చు, కానీ తేనె పెట్టినా అవి ఎక్కువ కాలం బతకవు. ల్యాబు నుంచి ఊరికి, ఊరి నుంచి ఇంటికి చేరేలోపు సగం నీరసించిపోతాయి.

దీనికి దారి పప్పు పెంకు పురుగు చూపిస్తుందని నా నమ్మకం. అదే కలాండ్రే కందిరీగ అలసందల్లో, పెసలలో పట్టే పెంకు పురుగు పిల్లల్నీ చంపుతుంది. పెంకు పురుగు జొన్నను ముట్టదు, దానికి పప్పుగింజే కావాలి. అలసందల్లో పెంచిన కందిరీగ ప్యూపాల్ని ఆ గింజలతో సహా సన్నటి మెష్ సంచిలో వేసి జొన్నల డబ్బాలో ఉంచితే, కందిరీగలు నింపాదిగా రోజుకు కొన్ని చొప్పున వస్తాయి. ఒకటీ అరా పెంకు పురుగు వచ్చినా జొన్నకు హాని లేదు. మెష్ కన్నం కందిరీగకు సరిపోయేంత, పెంకు పురుగు దాటలేనంత ఉండాలి. పక్కనే కందులు, పెసలు నిల్వ ఉంచే ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

పెంచడం కూడా తేలిక. పెంకు పురుగు గుడ్డును గింజ పైనే అంటిస్తుంది, తెల్లటి చుక్క కంటికే కనిపిస్తుంది, రంగులు వేసి వెతకాల్సిన పని లేదు. పెద్ద పురుగులు ఏమీ తినవు, పది రోజులు బతికి పోతాయి, జల్లెడ పట్టే బాధ తగ్గుతుంది. గింజ పెద్దది, పిల్లపురుగు పెద్దది, కాబట్టి ఆడ కందిరీగలూ బాగానే వస్తున్నాయి.

ఒకే ఒక్క అనుమానం. పెరిగిన గింజ వాసన కందిరీగకు గుర్తుంటుంది, ముందు అనుభవాన్ని బట్టి ఏ పురుగును వెతకాలన్నది మారుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అలసందల్లో పుట్టింది జొన్నలో ముక్కు పురుగును వెంటనే పట్టించుకుంటుందా? పక్కపక్కన పెట్టి చూస్తున్నాం. మొదటి రోజు అలసందల కందిరీగలు జొన్న గింజల మీద తడబడుతూ తిరిగాయి. పుట్టగానే ఒక రోజు ముక్కు పురుగు పట్టిన జొన్నలతో ఉంచి ఆ తరవాత వదిలినవి తేడా లేకుండా పనిచేశాయి. కాబట్టి మెష్ సంచిలో అలసందలతో పాటు గుప్పెడు పుచ్చు జొన్నల పిండి, ఫ్రీజర్‌లో పెట్టి పురుగు చంపినది, వేసి చూడాలనుకుంటున్నాం.

జనవరి

చలి రాత్రుల్లో కరెంటు పోతే బీఓడీ చల్లబడి అన్నీ ఆలస్యమవుతున్నాయి. కందిరీగలు వచ్చే రోజు తప్పిపోతే క్యాలెండర్ మొత్తం జరపాలి. బ్యాటరీ బ్యాకప్ పెట్టాక కాస్త నయం. ఎండాకాలం మాట వేరు. 35 డిగ్రీలు దాటితే ముక్కు పురుగే సరిగా పెరగదు, హైదరాబాద్ మే నెలలో గదిని చల్లగా ఉంచడమే పెద్ద ఖర్చు.

ల్యాబులోనే గుడ్డ మూతల డబ్బాల్లో జొన్నలు పోసి, కొద్ది ముక్కు పురుగుల్ని వదిలి పోల్చాం. కొన్ని డబ్బాల్లో కందిరీగలు మొదట్లోనే, కొన్నింటిలో ముక్కు పురుగులు ఒక తరం పెరిగాక, కొన్నింటిలో అసలే వదల్లేదు. మొదట్లోనే వదిలిన డబ్బాల్లో గింజ దాదాపు బాగుంది, జల్లెడలో పిండి తక్కువ. ఆలస్యంగా వదిలిన వాటిలో కందిరీగలు చాలా చంపాయి కానీ గింజ అప్పటికే పుచ్చింది. ఈ తేడా చూశాక ఒక నిర్ణయానికొచ్చాం. పురుగు కనబడ్డాక ఇచ్చే మందులా దీన్ని ఇవ్వకూడదు. జొన్నలు ఎండబెట్టి డబ్బాలో పోసిన రోజే సంచి కూడా వేయాలి. బాగా పురుగు పట్టిన గోడౌన్లకు, రేషన్ బియ్యం బస్తాలకు ఇది జవాబు కాదు, అలా చెప్పి అమ్మాలని చూసేవాళ్ళుంటే నమ్మవద్దు.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1992లోనే నిల్వ ధాన్యంలో వదిలే పరాన్నజీవి, పరభక్షక కీటకాలకు అవశేషాల పరిమితి (తిండిలో ఎంతవరకు మిగిలి ఉండొచ్చన్న హద్దు) నుంచి మినహాయింపు ఇచ్చింది. విత్తనానికైతే ఆ సమస్యే రాదు, తినే గింజలోనూ చచ్చిన కందిరీగలు గింజల బయటే ఉంటాయి కాబట్టి చెరిగితే పోతాయి.

రబీ జొన్న కోతలు దగ్గర పడ్డాయి. ఊళ్ళో ఐదారు ఇళ్ళు ఒప్పుకున్నాయి, ఒక్కో ఇంట్లో ఒకే రకం జొన్నను రెండు డబ్బాల్లో పోసి, ఒకదాంట్లో సంచి వేసి, రెండో దాంట్లో వేయకుండా ఉంచుతాం. ఈ వారం మెష్ కొలతలు తేల్చి, అలసందల సీసాలు పెంచాలి. కోత నాటికి సంచులు చేతిలో ఉండాలంటే మొదటి విడత పెంకు పురుగుల్ని రేపే వదలాలి.